బావగారి బండి సీటు

మొన్న మంగళవారం మా బావగారి బండి సీటు నా కుట్టుమిషను దగ్గరికి వచ్చింది. పన్నెండేళ్ల కిందట నేనే కుట్టిన సీటది. రెక్సిను చిరిగి, లోపలి కొబ్బరిపీచు బయటికి తొంగిచూస్తోంది. బావగారంటే మా ఆయనకి అన్నగారు. కొత్తపేట చుట్టుపక్కల ఆయన పేరు తెలియనివాళ్లున్నారేమో గానీ బండి తెలియనివాళ్లు లేరు. పైకప్పు ఉండదు, బోనెట్టు ఉండదు, ఇంజను సిగ్గూ ఎగ్గూ లేకుండా అందరికీ కనబడుతూ ఉంటుంది. ముందు చక్రాలు సన్నం, వెనకవి లావు. గల్ఫులో కుర్రాళ్లు సరదాకి పాత కార్లు కోసి ఇలా కట్టుకుంటారట, హాట్ రాడ్ అంటారట.

ఆయన అక్కడ గ్యారేజీలో మెకానిక్కు. కుడిచేతి రెండు వేళ్లు మిషనులో పోగొట్టుకుని ఇంటికొచ్చారు. ఆ చేతిని తువ్వాలు కింద దాచుకుని మూడు నెలలు అరుగు మీద కూర్చున్నారు. అంతలో గల్ఫులోనే కాపలా ఉద్యోగానికి మళ్లీ వీసా వచ్చింది, గడువులోగా బయల్దేరాలి. అప్పుడు మా తోడికోడలితో, నేను అక్కా అని పిలిచే ఆవిడతో, నా ఎదురుగానే అన్నారు: “ఈ చేత్తో ఓ బండి కట్టి రోడ్డెక్కిస్తే ఇక్కడే మెకానిక్కు షెడ్డు పెడతాను. ఎక్కకపోతే ఎల్లిపోతాను.” అక్క పెళ్లయిన దగ్గర్నుంచీ మొగుణ్ణి ఎక్కువగా చూసింది ఫోటోలోనే.

ఇక మా పశువుల సావిడి కార్ఖానా అయింది. ఆలమూరులో గడ్డిమేటు పక్కన పడున్న జీపు ఛాసిస్సు వచ్చింది. అమలాపురం పాతసామాన్ల కొట్టునుంచి వ్యాను ఇంజను, రాజోలునుంచి మినీలారీ వెనక ఇరుసు వచ్చాయి. మూలన పడి చిలుము పట్టిన ఓ టాక్సీ కారు బాడీ తెచ్చి, దాని పైకప్పుని ఆయన రంపంతో నాలుగు రోజులు కోశారు. వేళ్లు లేనిచోట రంపం జారుతుంటే గుడ్డ చుట్టుకుని మళ్లీ కోసేవారు. వెల్డింగు, లప్పం, గరుకుకాగితంతో రుద్దుడు, మళ్లీ లప్పం. రుద్దడంలో నేనూ అక్కా చెయ్యేశాం. మా జుట్లు కూడా ఎర్రటి తుప్పురంగుకి తిరిగాయి. సీటు కుట్టడం మాత్రం నా సొంతం. అయితే పీచు కూరడం తన పనేనని ఆయన పట్టుబట్టారు. కూరి ఇచ్చాక నేను మూతికుట్టు వేశాను.

తప్పు నాది. కాలవ అవతల రోడ్డు, ఇవతల మా ఇల్లు, మధ్యలో పిట్టగోడలున్న చిన్న వంతెన. విడిభాగాలన్నీ దాని మీదుగానే వచ్చాయి. బండి పడుతుందో లేదో కొలవమంటే నా టేపు పట్టుకెళ్లి ముందు చక్రాలు కొలిచాను, వంతెన కొలిచాను, “ఆయ్, పట్టేస్తదండి” అన్నాను. ఛాతీ కొలిచి నడుము ఊహించి జాకెట్టు కత్తిరించే దర్జీని ఎవరైనా క్షమిస్తారా? వెనకది లారీ ఇరుసు. అది జానెడు ఎక్కువ. బండి ముందు భాగం వంతెనెక్కింది, వెనక చక్రాలు పిట్టగోడలకి ఆనుకుని ఆగిపోయాయి. ఊరంతా చూస్తోంది.

ఆయన దిగి చేతులు కడుక్కున్నారు. “రేపు వీసా ఏజెంటుకి ఫోను చేస్తానమ్మా” అన్నారు నాతో. ఒక్క మాట తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

అక్క పుట్టిల్లు అంతర్వేది వైపు, జంటపడవల పంటు మీద లారీలు గోదారి దాటే చోటు. చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా అంది: “గోదారి దాటే లారీలన్నిటికీ వంతెనలున్నాయేటండి? పంటు కట్టించండి.”

మర్నాడు కొబ్బరికాయల పడవలు రెండు పక్కపక్కన కట్టి, పైన తాటిదుంగలు, బల్లలు పరిచారు. “లారీలే దాటించేం, ఇదెంతండి” అన్నాడు పడవ సరంగు. అక్క ముందు సీట్లో కూర్చుంది, దిగనంది. పడవలు ఒక పక్కకి ఒరిగినప్పుడు గట్టు మీద ఒక్కరూ ఊపిరి తీసుకోలేదు. అవతలి గట్టు ఎక్కాక బావగారు మూడు వేళ్ల చేత్తో తాళం తిప్పారు. ఆ మోత మురమళ్ళ దాకా వినబడిందని మా ఆయన ఇప్పటికీ చెప్తారు. ఆ నెలలోనే షెడ్డు తెరిచారు. బండి దాని ముందే నిలబడి ఉంటుంది, వేరే బోర్డెందుకని.

మొన్న పాత కుట్టు విప్పి పీచు లాగుతుంటే మడిచిన కాగితం చేతికి తగిలింది. ఆ కాపలా ఉద్యోగం వీసా. షెడ్డు తెరిచాక ఏజెంటుకి తిరిగిచ్చేశానని ఆయన మాకు చెప్పిన కాగితం. సీటు కుట్టింది వంతెన దగ్గర ఆగిపోవడానికి పది రోజుల ముందు. పట్టుకుని షెడ్డుకి వెళ్లాను.

“ఇదేంటండి బావగారూ?”

ఆయన తల గోక్కున్నారు. “దగ్గరుంటే రోజూ చూడబుద్దేసేదమ్మా. నువ్వేసిన కుట్టు ఇప్పాలంటే నాకీ చేత్తో ఒక పూట పడతాది. ఆ పూటలో మనసు మారదా అని పెట్టేను.”

కాగితాన్ని మళ్లీ మడిచి కొత్త పీచు అడుగున పెట్టి, ఈసారి రెండు వరసలు కుట్టాను. వెళ్లిపోతారేమోనని నేను బెంగతో లెక్కపెట్టుకున్న ఆ రోజుల్లోనే ఆయన తన ప్రయాణాన్ని తనే ఎంత కష్టం చేసుకున్నారో, అది నాకు తెలియడానికి పన్నెండేళ్లు పట్టింది.