చల్లటి రేడియేటర్

బాబాయ్ పోయాడని పోయిన నెల పిన్ని ఫోన్ చేసింది. పొద్దున్నే కాఫీ తాగి, షాపు తాళాలు తీసుకుని గుమ్మం దాకా వచ్చి కూలబడిపోయాడట. ఆయన నాకు చుట్టమేమీ కాడు. దర్శిలో నా వీడియో మిక్సింగ్ షాపు పక్కన ట్రాక్టర్ మెకానిక్. అయినా సొంత మనిషి పోయినట్టే ఏడ్చాను.

మహా మొహమాటస్తుడు. నా షాపుకి వస్తే కుర్చీకి గ్రీజు అంటుతుందని పాత పేపరు పరుచుకుని మరీ కూర్చునేవాడు. బండి ఆగిపోయిందని వచ్చిన రైతుని మాత్రం మొహమాటం లేకుండా అడిగేవాడు: "ఎప్పటిదాకా బాగుంది? ఆ తర్వాత నువ్వేం చేశావు?" నిజం చెప్పేదాకా స్పానర్ ముట్టుకునేవాడు కాదు.

2006 ఎండాకాలంలో ఆ ప్రశ్న నాకూ ఎదురైంది. మన ఎండలకి ఫ్యాన్లు చాలవని, గుంటూరు బ్రాడీపేటలో నీళ్లతో చల్లబడే కంప్యూటర్ కట్టించుకొచ్చాను. ఊళ్లో అలాంటిది నాదొక్కటే అని గొప్పలు కూడా పోయాను. సరిగ్గా ఒక పెళ్లి వీడియో మిక్సింగ్‌లో ఉండగా అది పది నిమిషాలకోసారి వేడెక్కి ఆగిపోవడం మొదలుపెట్టింది. దుమ్ము దులిపాను, ఫ్యాన్ మార్చాను, పక్క రేకు తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. ఊహూఁ.

పెళ్లికూతురి తండ్రి పొద్దున్నే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. "మా అమ్మ మంచం దిగలేక పెళ్లికి రాలేదండి. డాక్టరు గారు ఇంకెన్నాళ్లో చెప్పలేమన్నారు. సాయంత్రానికి సీడీ ఇవ్వకపోతే ఇక ఎందుకండీ అది?"

ఆయన టీకి వెళ్లగానే బాబాయ్ దగ్గరికి పరిగెత్తాను.

"నాకు కంప్యూటర్లేం తెలుసురా!" అంటూనే వచ్చాడు. నీటి గొట్టాల మీద చెయ్యి వేసుకుంటూ పోయాడు. ప్రాసెసర్ మీద, నీళ్లు పారే రాగి దిమ్మె చుర్రుమంది. ఆ వేడిని బయటికి వదలాల్సిన రేడియేటర్ చల్లగా ఉంది. పంపు మాత్రం గుయ్యిమంటూనే ఉంది.

"వేడి ఇక్కడే ఉండిపోతోంది. నీళ్లు తిరగట్లేదురా. నువ్వేం చేశావు?"

"నీళ్లు తగ్గితే పోశాను బాబాయ్."

"ఏం నీళ్లు?"

"బోరువి."

డిస్టిల్డ్ వాటరే పొయ్యమని బ్రాడీపేట వాళ్లు చెప్పారు. నీళ్లు నీళ్లే కదా అనుకున్నాను.

"ఒరేయ్, మన బోరు నీళ్లకి అన్నం గిన్నెలే తెల్లగా పొర కడతాయి. ట్రాక్టర్‌కే పొయ్యను నేను!"

దిమ్మె విప్పితే లోపలి సన్నటి దారుల నిండా సున్నం. పిన్ని చేత చింతపండు పిసికించి, రాగి చెంబు తోమినట్టు పాత బ్రష్షుతో తోమాడు. మళ్లీ మళ్లీ కడిగాడు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ నింపి, లోపలి గాలి పోయేలా కంప్యూటర్ డబ్బాని పసిబిడ్డని జోకొట్టినట్టు అటూ ఇటూ వంచాడు. గొట్టంలో బుడగలు పరుగెత్తి మాయమయ్యాయి. కాసేపటికి రేడియేటర్ వెచ్చబడింది. అది వేడెక్కితే అంత సంతోషం వేస్తుందని అంతకుముందు నాకు తెలియదు.

అప్పటికి పెళ్లికూతురి తండ్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఎవరండీ చెడగొట్టింది?" అన్నాడు కోపంగా. నేను కీబోర్డు మీదకి వంగాను.

"నేనేనండి. తెలీక బోరు నీళ్లు పోశాను," అన్నాడు బాబాయ్.

ఆయన నానా మాటలూ అన్నాడు. బాబాయ్ తలవంచుకుని చేతులు తుడుచుకుంటూ విన్నాడు. సాయంత్రానికి సీడీ వెళ్లింది. తలంబ్రాల దగ్గర ముసలావిడ రెండుసార్లు ఆపించుకుని చూసిందట. ఎందుకలా చెప్పావని తర్వాత అడిగితే, "నీకింకా బోలెడు పెళ్లిళ్లు రావాలి కదరా," అన్నాడు. అప్పుడైనా వెళ్లి నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

మొన్న బాబాయ్ పెద్దకర్మకి ఆ పెళ్లికూతురి తండ్రీ వచ్చాడు. భోజనాల దగ్గర నా పక్కనే కూర్చుని, "మంచి మెకానిక్కేనండి. మీ కంప్యూటర్లో బోరు నీళ్లు పోసి ఆ రోజు మా ప్రాణం తీశాడు గానీ," అన్నాడు.

"పోసింది నేనండి," అన్నాను. "ఆయన బాగుచేశాడు. నా షాపు నిలబడింది ఆయన వల్లే."

ఆయన విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, బాబాయ్ ఫొటో దగ్గరికి వెళ్లాడు. వడ్డించేవాళ్లు రెండుసార్లు పిలిచినా కదలకుండా, చేతులు జోడించుకుని అక్కడే నిలబడిపోయాడు.