సన్యాసమ్మ గొంతుకో గది

చోడవరం చుట్టుపక్కల జముకుల కథ అంటే సన్యాసమ్మే. బుచ్చయ్యపేట నుంచి మాడుగుల దాకా ఆవిడ పాడని ఊరు లేదు. పక్కన మరిది పరదేశి జముకు వాయిస్తూ, జట్టులోని రాము తాళం వేస్తూ వంత పాడతారు. ఇద్దరికీ గొంతులు పెద్దవి, బుద్ధులు చిన్నవి. ముప్పై ఏళ్ళు వాళ్ళ అరుపుల మీంచి పాడి పాడి ఆవిడ గొంతు అరగదీసుకుంది.

పోయినేడు ఆ గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలుస్తుంది, మాట నిలవదన్నారు డాక్టర్లు. ఈలోగా ఒక్క కథైనా రికార్డు చేసి పెట్టుకోవాలని పరదేశిని వెంటబెట్టుకుని నా మైకు సెట్ల షాపుకి వచ్చింది.

రెండు రికార్డర్లు తెప్పించి చూపించాను. రెండూ చేతిసంచిలో పట్టేవే. మొదటిది అందరి పాటా కలిపి పట్టేస్తుంది. రెండోదానికి నాలుగు మైకులు తగిలించొచ్చు. మిషన్లో ఒక్కో మైకుకీ ఒక్కో గది ఉంటుంది, ఎవరి గొంతు వాళ్ళ గదిలో విడిగా పడుతుంది, తరవాత ఏది కావాలంటే అది పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మొదటిదే చాలన్నాను. ఆవిడ వినలేదు.

“ఈల్ల అరుపుల కింద నలిగిపోనాను బాబూ. ఒక్కసారైనా నా గొంతు ఏరేగా ఇనబడాల. రెండోదే ఇచ్చీ.”

పరదేశి కూడా అదే మంచిదన్నాడు. వదిన మాటకి అతను సరేననడం అదే మొదటిసారి. అనుమానించాల్సింది పోయి మురిసిపోయాను.

వాళ్ళింటి అరుగు మీదే మైకులు పెట్టాం. గొంతు పగిలినచోట ఆగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ అందుకుని పాడింది. అంత బాగా ఆవిడ ఎన్నడూ పాడలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ ఆసుపత్రిలో ఉండగా పరదేశి ఆ మిషను పట్టుకొచ్చాడు. ముసలి గొంతుకి ప్రోగ్రాములు ఎవరిస్తారని అడిగాడు. మిషన్లో ఆవిడ గొంతున్న గదిలోనే తన కోడలు సంధ్యారాణి చేత పాడించమన్నాడు. పాతది చెరిగిపోతుందని చెప్పాను.

“పోనీ. ఉండి ఏటి సేస్తాది?” అన్నాడు.

ఆ గుంట హెడ్‌ఫోన్ పెట్టుకుని పాడింది. జముకు, వంత ఎక్కడివక్కడే ఉన్నాయి, సన్యాసమ్మ ఒక్కతే పోయింది. చెరిపే ముందు నేను కాపీ అయినా తీసుకోలేదు. బద్ధకం అనండి, పిరికితనం అనండి. పరదేశి మిషను నా దగ్గరే వదిలి వెళ్ళాడు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే సన్యాసమ్మ మెడకి గుడ్డ చుట్టుకుని షాపుకొచ్చింది. మిషను వైపు చూపించి చెవి ముట్టుకుంది. ఇంట్లో ఎవరూ చెప్పలేదన్నమాట. బటన్ నొక్కాను.

వంతవాళ్ళు కథ చెప్పేవాళ్ళని పేరుపెట్టి పిలవడం ఈ పాటలో రివాజు. వాళ్ళ మైకుల్లో పడ్డ పిలుపులు అలాగే ఉండిపోయాయి.

“సెప్పు సన్యాసమ్మా, తరవాతేటయ్యింది?” అని రాము గొంతు అడిగింది. ఈవిడ నోరు తెరిచింది. సంధ్యారాణి గొంతు జవాబు చెప్పింది.

సన్యాసమ్మ కథ అయిపోయేదాకా కూర్చుని, నా వైపు చూడకుండా లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పరదేశి ఫోన్ చేశాడు. “ఆ పేరు ఉండిపోనాది, సూసేవా? జనం నవ్వుతారు. అదీ తీసీ బాబూ.”

ఆ పేరు ఆరు చోట్ల ఉంది. ఆరూ తీసేశాను. చుట్టుపక్కల ఊళ్ళలో మైకు బేరాలన్నీ నాకు ఇప్పించేది పరదేశే మరి.