దస్తగిరి చెలక

కొత్తకోటకు పడమట, బోడగుట్ట వాలులో దస్తగిరికి రెండెకరాల ఎర్రచెలక ఉండేది. గుట్టరాయి ఎండకు పెళుసెక్కి, వానకు పొరలుగా ఊడి, పొడై దిగితేనే ఆ నేల పుట్టింది. ఆ వానే దాన్ని ఏటేటా కింది చెరువులోకి లాక్కుపోయేది. చిన్నప్పుడు బాపు దున్నుతుంటే జానెడు దిగిన నాగలి, దస్తగిరికి యాభై దాటేసరికి నాలుగువేళ్ల లోతుకే పరుపుబండకు తగిలి కీచుమనేది. ఆముదాలు వేస్తే మోకాలెత్తు కూడా రాలేదు.

తెలంగాణ వచ్చిన రెండో ఎండాకాలం చెరువు పూడిక తీశారు. ఆ నల్లమట్టిని ట్రాక్టర్లతో తోలించి, దస్తగిరి, భార్య అజీజా బేగం గంపలతో చెలకంతా పరిచారు. ఆమె మోకాళ్లు వాచిపోయాయి.

"మన మట్టే గద, మళ్ల ఇంటికొచ్చింది," అని నవ్విందామె.

ఆ వానకాలం కంది నడుమెత్తు పెరిగింది. దస్తగిరి పనేమీ లేకపోయినా గట్టు మీద కూర్చుని చూస్తుండిపోయేవాడు.

సెప్టెంబరులో ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం కుండపోత. గుట్ట బండల మీద నిలవని నీళ్లన్నీ ఒక్క పాయగా చెలకలోకి దూకాయి. దస్తగిరి ఉరికిపోయి, కింది గట్టు తెగినచోట రాళ్లు పేర్చాడు. అవి దొర్లిపోయాయి. ఆఖరుకు తానే అడ్డం పడుకున్నాడు. కందిచెట్లు వేళ్లతో సహా ఆయన మీదుగా కొట్టుకుపోయాయి. పక్కచేను గుర్వయ్య రెక్కపట్టి లాగాడు.

"లే దస్తగిరన్నా, నువ్వు గూడ పోతవ్!"

"పోనియ్ గుర్వయ్యా. ఇంకేమున్నది గీడ?"

వాన వెలిసేసరికి చెలక పొడుగునా బండ బయటపడింది. పంటనష్టం చూడటానికి వ్యవసాయాధికారి అక్షిత వచ్చింది.

"మేడం, గుట్ట అరుగుతనే ఉంటది గద. మళ్ల మట్టి పడదా?" అనడిగాడు దస్తగిరి.

"పడతది పెద్దాయనా. కాని జానెడు మట్టి కావాల్నంటే వేల ఏండ్లు..." ఆయన మొహం చూసి ఆమె ఆపేసింది.

"ఎండాకాలం మళ్ల తోలుకుందాం," అంది అజీజా.

"ఎన్నిసార్లు తోలినా గా చెరువుకు తోలినట్టే."

ఆ చలికాలం దస్తగిరి కొత్తకోట రోడ్డు మీద ఒక హోటల్లో గిన్నెలు కడిగే పనికి కుదిరాడు. అజీజా ఒక్కతే చెలకకు పోయి, బండ సందుల్లో మిగిలిన మట్టి ఊడ్చి, ఒకచోట పోసి సొరవిత్తులు పెట్టింది. మొలిచాయి. ఎండలు ముదిరేసరికి బండ కాగి అన్నీ మాడిపోయాయి. ఆ సంగతి ఆమె ఆయనకు చెప్పలేదు. చెలక గురించి ఆయన అడగడం ఎప్పుడో మానేశాడు.