కంపెనీ సారుకు కబురు

నా అక్షరాలు వంకరగా ఉంటాయి. ఏడో తరగతితోనే బడి మానేశాను, తప్పులుంటే మన్నించండి. మా బావగారు, అంటే మా ఆయన అన్న, మంగళవారం పొద్దున నల్లగొండలో పని చేసే కుర్చీలోనే పోయారు. గుండె ఆగిందన్నారు. ఆయనతో భాగవతాలాడిన మేళం వాళ్ళు మీరు, జ్ఞాపకాలు రాసిమ్మని మా ఆయనను అడిగారు. ఆయన కాగితం నా చేతిలో పెట్టి, "అన్నతోని ఎక్కువ మాట్లాడింది నువ్వే, నువ్వే రాయి" అన్నాడు.

ఈ మాట చెబితే మా అత్తమ్మ నమ్మదు. మా ఇంట్లో చిన్న కోడలు బావగారి ఎదుట నిలబడదు, నోరు విప్పదు. ఆయన మా ఊరు కోస్గికి వచ్చినప్పుడల్లా నేను తలుపు చాటుకు పోయేదాన్ని. చాయ్ కావాలన్నా ఆయన మా పాపతోనే చెప్పేవారు. "బిడ్డా, మీ అమ్మను జర చక్కెర తక్కువెయ్యుమను." పాపకు అప్పటికింకా మాటలే రాలేదు.

మీకు ఆయన రాణి వేషాలే గుర్తుంటాయి. నేను కాపురానికి వచ్చేసరికే ఆటలకు పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ఆయన గజ్జెలు విప్పి, ఆ వయసులో కంప్యూటర్ పని నేర్చుకుని, దుకాణాల వాళ్ళ కంప్యూటర్లు మొరాయిస్తే ఫోన్‌లోనే సరిచేసే కంపెనీలో చేరారు. మీలో ఒకాయన మా వాకిట్లో నవ్వడం నాకు గుర్తుంది.

"ఏం రాణమ్మా, కిరీటం దించి చెవులకు ఫోన్ డొప్పలు తగిలించుకున్నవంట?"

"కిరీటం కన్నా గిదే బరువు మామా. ఆట చూసెటోళ్ళు చప్పట్లన్న కొడ్తరు. గీడ తిట్లతోనే మొదలువెడ్తరు" అని బావగారు కూడా నవ్వారు. ఆ మధ్యాహ్నం అన్నం మాత్రం సరిగ్గా తినలేదు.

మా ముందు గదిలోనే మా ఆయన జిరాక్స్ దుకాణం. ఒకరోజు ఆయన ఊళ్ళో లేనప్పుడు ప్రింటర్ ఆగిపోయింది. కాగితాల కోసం వచ్చినామె బస్సు పోతుందని కంగారు పడుతోంది. మా ఆయనకు ఫోన్ చేస్తే "అన్నకు చెయ్యి" అన్నాడు. కొంగు తల మీదికి లాక్కుని చేశాను.

"నమస్తే మేడం, చెప్పండి. ఏం ప్రాబ్లం?"

నేనెవరో ఆయనకు తెలుసు. తెలిసే, నాకు మాట్లాడే దారి చూపించారు. "సార్, ప్రింటర్ ఆగింది" అన్నాను. ఆయనతో నేనన్న మొదటి మాట అది.

అప్పటి నుంచి ఫోన్‌లో ఆయన సారు, నేను మేడం. అక్కడ కూర్చునే మా తెర మీది బాణం గుర్తును నడిపించి చూపేవారు. నేను జంకితే, "మీరు ముట్టుకుంటే అరిగిపోదు మేడం, నొక్కండి" అనేవారు. ఒకసారి తన సంగతి చెప్పారు. "నాకు గూడ మొదట్ల గిట్లనే వణుకు. వేషం కట్టినోనికి ఎదురుంగ జనం కనబడాలె. గీడ గోడ తప్ప ఏం కనబడదు. అవతల ఒక మనిషి పరేషాన్ల ఉన్నడు అనుకోని మాట్లాడుడే."

అత్తమ్మ వంటింట్లోంచి నా మాటలు వినేది.

"ఎవలు బిడ్డా, గంతసేపు చెప్తాండు?"

"నల్లగొండ కంపెనీ సారు అత్తమ్మా."

"మంచోడున్నడు. ఒక్కపారి గూడ కసురుకోడు. మా పెద్దోడు ఉన్నడు ఎందుకు, నాతోని రెండు మాటలు మాట్లాడనీకె తీరదు."

మా ఆయన ఈ మాట చెబితే బావగారు పడీ పడీ నవ్వారట. "అమ్మకు చెప్పకుండ్రి. సారునే ఉండనీ" అన్నారట.

మంగళవారం స్కానర్ పనిచేయక ఆయనకే ఫోన్ చేశాను. తెర మీద బాణం పైకి పోయింది, కిందికి వచ్చింది, మధ్యలో ఆగింది. "ఒక్క నిమిషం మేడం" అన్నారు. ఏదో పడిన చప్పుడైంది. "సార్" అన్నాను. మళ్ళీ "సార్" అన్నాను. నాకు తెలియకుండానే "బావా!" అని అరిచాను. ఎవరో పరుగెత్తి వచ్చిన అడుగులు వినబడ్డాయి. ఫోన్ కట్టయింది. ఆ పిలుపు ఆయన చెవిన పడిందో లేదో నాకు చెప్పేవాళ్ళు లేరు.

దహనమై అందరూ ఇంటికి వచ్చాక అత్తమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. "బిడ్డా, గా కంపెనీ సారుకు గూడ చెప్పినవా? పెద్దోని తీరు పనే గద ఆయనది. చెప్పు, మంచి మనిషి, బాధపడ్తడు."

"చెప్తా అత్తమ్మా" అన్నాను.

ఆ సారు ఎవరో ఆమెకు నేనే చెప్పాలి. ఇంకా నోరు రావడం లేదు. మీ నోటి నుంచి మాత్రం ఆమె వినకూడదు. అందుకే ఇది చదివి కాల్చెయ్యండి.

దుకాణం ఇంకా తెరవలేదు. కంప్యూటర్‌ను ఎవరూ ఆపలేదు, తెర నల్లబడి ఉంది. మౌస్ ముట్టుకుంటే వెలుగుతుంది. కానీ ముట్టుకుంటే, ఆయన ఆపిన చోటి నుంచి బాణం కదిలిపోతుంది.