వక్క మానుల వంతెన

నా చిన్నప్పుడు, కన్నడ సీమ అంచునున్న మా తెలుగు ఊరు మిట్టేమరిలో వాన కోసం ఎదురుచూడడమే తెలుసు గానీ, పారే నీళ్లను చూసి భయపడే అవసరం ఎవరికీ రాలేదు. నేను ఏడో క్లాసులో ఉండగా మా స్కూలు మేష్ట్రు మమ్మల్ని వానలు ఎక్కువ పడే కొండసీమ మలెనాడుకు తీసుకుపోయినారు. రాగులు, శెనక్కాయలు తప్ప ఇంకో పంట ఎరగని పిల్లలకు వక్కతోటలు చూపించాలని ఆయన ఆశ.

మేము దిగిన ఇంటికీ తోటకూ నడుమ ఒక వాగు. దాని మీద రెండు వక్క మానులు పక్కపక్కన పరిచి, పట్టుకోను ఒక వెదురు గడ కట్టినారు. అదే వంతెన. వానకు మానులు తడిసి నున్నగా మెరుస్తున్నాయి. కింద ఎర్రటి నీళ్లు కొమ్మల్ని దొర్లించుకుంటూ పోతున్నాయి.

పిల్లలంతా దాటిపోయినారు. నేను ఒక అడుగు వేసినాను. కాలి కింద మాను కదిలింది. వెనక్కి వచ్చి గట్టు మీద కూలబడినాను.

"ఏం కాదు, రామ్మా! అందరూ దాటినారు గదా!" అని మేష్ట్రు అవతలి నుంచి అరుస్తాండారు. ఆయన అరిచేకొద్దీ నేను గట్టు మీది గడ్డిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నేను కొట్టుకుపోతే మా అమ్మకు ఎవరు చెప్తారు అన్నదొక్కటే నా తలలో తిరుగుతోంది.

అప్పుడు ఆ ఇంటి యజమానమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. మా అమ్మ కంటే పెద్దామె. నీళ్లవైపు చూస్తూ, కన్నడంలో మెల్లగా, "నాకూ భయమేనమ్మా. ఒక్కదాన్నే దాటలేను. నా చెయ్యి పట్టుకుంటావా?" అంది.

ఎట్లా కాదంటాను? ముందు నేను, వెనక ఆమె. "మెల్లగమ్మా, ఈడ జారుతాది" అని నాకొచ్చిన కన్నడంలో ఆమెకు జాగ్రత్తలు చెప్తూ నడిచినాను. నడుమకు వచ్చేసరికి మానులు ఊగినాయి. చెయ్యి వదిలితే ఆమె పడిపోతుందనుకుంటూనే దాటేసినాను.

తోటలో తిరుగుతుంటే మేష్ట్రుకు తన గొడుగు ఇంట్లోనే మరిచినట్టు గుర్తొచ్చింది. ఆమె వెంటనే చీర కుచ్చిళ్లు దోపుకుని, వెదురు గడ ముట్టకుండానే ఆ వంతెన మీద పరుగున పోయి, గొడుగుతో పరుగున తిరిగొచ్చింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆమె నా కళ్లలోకి చూసి, దొరికిపోయినట్టు నవ్వింది.

తర్వాత నేను తల్లినైనాను, అవ్వనైనాను. భయపడే పిల్లలకు ఏం కాదని ఎప్పుడూ చెప్పలేదు. పక్కన కూర్చుని, నాకూ భయమే, చెయ్యి పట్టుకో అంటాను. ఆమెలా నటించే పని మాత్రం నాకు పడలేదు. పిల్లల పక్కన ఉన్నప్పుడు నాకు నిజంగానే భయమేస్తుంది.