ఎనిమిదో రాయి

మా తిరుత్తణి చుట్టుపక్కల ఊళ్ళు ఆంధ్రాకా, అరవదేశానికా అని పెద్దలు తగువులాడుకుంటున్న కాలమది. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఖాయంగా తేలిపోయిన సంగతి ఒక్కటే, చెరువు మాది. తెల్లారుజామున ఆ నీళ్ళ మీద మంచు లేస్తుంటే తిరుత్తణి కొండ అందులో తలకిందులుగా నిలబడి నిద్రపోతున్నట్టుండేది. తిరువాలంగాడు వైపు పోయే రైలు కూత కూడా ఆ నీళ్ళు దాటి వచ్చేసరికి మెత్తబడిపోయేది. పందొమ్మిదేళ్ళ నాకు ఆ గట్టు మీద కూర్చుంటే ఉద్యోగం, పెళ్ళి, ఆకలి ఏవీ గుర్తొచ్చేవి కావు (ఆకలి మాత్రం కాసేపే).

ఉద్యోగం గుర్తు చేసుకోకపోవడానికి ఇంకో కారణం ఉండేది. నేను పంచాయతీలో టెంపరవరీ గుమాస్తాగా కుదిరిన మూడో నెలలోనే, ఆ గట్టు కింద చెత్తదిబ్బ పెట్టాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఆడికృత్తిక పండగకి కొండ మీది సామికి కావళ్ళు మోసుకుని జనం ఏరులా వస్తారు కదా, వాళ్ళు తిని పారేసిన విస్తరాకులన్నీ యాడో ఒకచోట పొయ్యాల. పోసేది మా చెరువు పక్కన! ఊరంతా భగ్గుమంది. అరవంలో ఒక అర్జీ, తెలుగులో ఒక అర్జీ పెట్టినారు. రెండూ నా బల్ల మీదికే వచ్చినాయి. రెండింటిలోనూ మొదటి సంతకం మా మేనత్తది. నేను మూడు పూటలా తినేది ఆమె ఇంట్లోనే.

"ఏరా అల్లుడా, ఆ నీళ్ళతో వండిన సంగటి తింటా, ఆ నీళ్ళలోనే పెంట కలిపిస్తావా?" అని వడ్డిస్తూనే దులిపేసేది.

"నేనేం చేసేదత్తా, ఆర్డరు."

"అయితే ఆ ఆర్డరే నంజుకుని తిను," అని చారుగిన్నె అవతలికి జరిపేది.

నా పైఅధికారిని అందరూ శుద్ధం సార్ అనేవాళ్ళు. ఆయన ఏ మాట మొదలుపెట్టినా 'శుద్ధం' అనే మొదలుపెట్టేవారు. ఆడికృత్తిక దగ్గర పడుతుండగా నన్ను పిలిచి, "శుద్ధం! ఎనిమిది హద్దురాళ్ళు నాటి, సున్నం కొట్టు. రేపు పొద్దున మొదటి బండి వస్తాది. ఈ పని సరిగ్గా చేసినావంటే నీ ఉద్యోగం పర్మనెంటు," అన్నారు. రాళ్ళబండి అత్త ఇంటి ముందు ఆపించి అన్నానికి దిగినాను. సున్నం చూస్తే సగం రాళ్ళకు కూడా చాలదు. సిగ్గు లేకుండా అత్తనే అడిగినాను.

"సున్నం యాడుంది నాయనా? ముగ్గుకు నానబెట్టిన ఎర్రమన్ను ఉండాది, పట్టుకుపో," అంది అత్త, ఆ పొద్దు ఎందుకో మెత్తగా. "ఒక రాయి మాత్రం ఈడ దించిపో. గుడ్డలుతుక్కోను కావాల."

అత్త మెత్తబడిందే చాలనుకుని రాయి దించేసినాను. సాయంత్రానికి మిగతా ఏడూ గట్టు కింద వరసగా నాటి, సున్నం చార ఒకటి, ఎర్రమన్ను చార ఒకటి పూసినాను. నా పనితనానికి నేనే మురిసిపోయి, ఎండ నీళ్ళలో ఎర్రగా కరిగిపోయేదాకా అక్కడే కూర్చున్నాను.

తెల్లారి పోయి చూస్తే, ఏడు రాళ్ళకూ పసుపు, కుంకుమ, వేపాకు! ఎదురుగా కర్పూరం వెలుగుతోంది. చెరువొడ్డున ఎర్రచారల ఏడు రాళ్ళంటే మా పక్క పసిబిడ్డనడిగినా చెబుతుంది, అవి నీళ్ళను కాపాడే ఏడుగురు అక్కదేవతలని (ఆ తెలివి నాకు ముందురోజు ఏమైపోయిందని అడక్కండి). ఆడవాళ్ళు అప్పుడే పొంగలికి పొయ్యి పెట్టేసినారు. మొదటి చెత్తబండి తోలుకొచ్చిన మనిషి దూరం నుంచే చెప్పులు విడిచేసి, "నా పెండ్లానికి నెలలు నిండినాయి సామీ, నేను ఈడ పొయ్యను," అని ఎద్దులను వెనక్కి తిప్పేసినాడు.

శుద్ధం సార్ ఊగిపోతూ వచ్చినారు. "ఇవి నువ్వు నాటిన రాళ్ళే కదయ్యా? చెప్పు అందరికీ!"

అవునంటే ఉద్యోగం నాది, చెరువు చెత్తది. అత్త కర్పూరం పళ్ళెం పట్టుకుని నన్నే చూస్తోంది. ఆమె వెనక నీళ్ళు, మంచు, తలకిందుల కొండ. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"మన కాగితంలో ఎనిమిది రాళ్ళు సార్. ఇవి ఏడే ఉండాయి."

ఆయన వేలు చూపిస్తూ లెక్కపెట్టినారు. ఆ చివర నుంచి ఇంకోసారి లెక్కపెట్టినారు. ఏడే. మెల్లిగా వంగి బూట్లు విప్పి, "శుద్ధం," అని చాలా చిన్నగా అని, అత్త చేత కుంకుమ పెట్టించుకున్నారు.

చెత్త ఊరవతల పాత ఇటుకబట్టీ గుంతకు పోయింది. ఆ నెలాఖరుకు ఉద్యోగం ఊడి నేను ఇంటికి పోయినాను. తర్వాత తిరువళ్ళూరులో బియ్యం మిల్లులో కుదిరి, అక్కడే తల నెరిసింది. ఇన్నేళ్ళూ ఈ కథను నా తెలివితక్కువతనం కథగానే చెప్పి నలుగురినీ నవ్విస్తూ వచ్చినాను, అత్త ఉన్నప్పుడు ఆమె ఎదుట కూడా. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదే గానీ ఒక్క మాట అనేది కాదు.

మొన్న మనవరాలికి ఇదే కథ చెబుతూ, రాయి దించిన చోటికి వచ్చేసరికి నోరాగిపోయింది. అత్త పెరట్లో, బావి పక్కన, గుడ్డలుతికే రాయి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉండేది. రోజూ దాని మీదే కూర్చుని నేను పళ్ళు తోముకునేవాణ్ణి, ఆ పొద్దు కూడా.

"తర్వాత ఏమైంది తాతా?" అంది మనవరాలు.

"ఉండమ్మా," అన్నాను. "నాకే ఇప్పుడు అర్థమవతా ఉండాది."