ముడి పడేదాకా

అంగన్‌వాడీ టీచర్ సులోచన ఓపిక చూస్తే, పొదిగే కోడి కూడా సిగ్గుపడి గుడ్ల మీంచి లేచిపోతుందని సిరిసిల్ల నేతవాడలో చెప్పుకుంటారు. గోడకు ఒరిగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పిల్లలు ఎటు పోతే ఆమె చూపు అటు పోతుంది. మగ్గాల చప్పుడు దూరపు వానలా వినబడే ఒక మధ్యాహ్నం, నాలుగేళ్ల మహిత తెగిన దారానికి ముడి వేస్తోంది. అప్పుడే తండ్రి రాజేశం వచ్చాడు. "ఎప్పుడు జూసినా ఆటలేనా అక్కా? ఒక్క అక్షరం రాకపాయె. రేపటి సంది ప్రైవేటు బడిల ఏస్త," అంటూనే, నేత చేతులు ఊరుకోక దారం అందుకోబోయాడు.

"జర ఆగు తమ్మీ, గది దాని పని. నీ మగ్గం కాడికొచ్చి, పోగుల నడుమ ఉరికే నాడెను అది గుంజుకుంటదా?"

మహిత వేళ్లలోంచి దారం జారింది, మళ్లీ జారింది. రాజేశం ఊపిరి బిగబట్టి, మెల్లగా నేల మీద కూర్చున్నాడు. ముడి పడింది. మహిత తలెత్తకుండానే ఇంకో దారం తీసుకుంది.

"రేపు ఎన్నింటికి తోల్కరావాలె అక్కా?" బిడ్డ పని చెడకుండా గుసగుసగా అడిగాడు రాజేశం.